శిలను కదల్చని గృహం

నార్వే దేశపు పశ్చిమ తీరంలో సముద్రం పర్వతాల నడుమకు చొచ్చుకువచ్చి, సన్నని పాయలుగా నిలిచిపోయిన ప్రాంతం ఒకటి ఉంది. ఆ పాయలను అక్కడివారు ఫియోర్డులంటారు. అట్టి పాయ ఒకదాని ఒడ్డు నుండి ఎగువకు సాగిపోయే లోయ పేరు వల్‌డాల్. లోయ పొడవునా ఒక నది కొండలపై కరిగిన మంచునీటిని మోసుకొని దిగివస్తుంది. ఒకచోట ఆ నది కఠినశిలను యుగయుగాలుగా కోసుకుంటూ, సుమారు 5 మీటర్ల వెడల్పు మాత్రమే గల అగాధంలోకి దూకుతుంది. లోతు 20 మీటర్లకు పైమాటే. ఆ స్థలం పేరు గుడ్‌బ్రాండ్స్‌యూవె. పూర్వం గుడ్‌బ్రాండ్ అనే మనుష్యుడు ఒక వధువును అపహరించి పారిపోతూ ఈ అగాధాన్ని ఒక్క లంఘనంతో దాటాడని జనశ్రుతి. స్థలపురాణం లేని జలపాతం ఏ దేశంలోనూ ఉండదు కాబోలు.

ఆ అగాధానికి సమీపంలో, ఒక పాత వ్యవసాయక్షేత్రపు అంచున, భూర్జవృక్షాల మధ్య, నాచుపట్టిన బండరాళ్ల మధ్య, 7 చిన్న గదులు విడివిడిగా నిలిచి ఉన్నాయి. దారిన పోయేవాడు తలతిప్పి చూస్తే వాటిలో ఒకటో రెండో మాత్రమే కంటబడతాయి. తక్కినవి చెట్ల వెనుక, రాళ్ల వెనుక ఒదిగి ఉంటాయి. ఇదే యూవె ల్యాండ్‌స్కేప్ హోటల్. యూవె అంటే ఆ భాషలో ఇరుకైన శిలాగర్భం, కొండల నడుమ సందు. యాన్ ఓలాఫ్ యెన్సెన్, బోర్రె స్కోద్విన్ అనే ఇద్దరు స్థపతుల సంస్థ దీనిని రూపొందించింది. 2010 ప్రాంతంలో ఇది అతిథులకు తెరుచుకున్నది. చేతన కలిగిన యంత్రాన్ని గురించి 2015లో వచ్చిన 'ఎక్స్ మాకినా' అనే ఆంగ్ల చలనచిత్రంలో కొన్ని దృశ్యాలు ఇక్కడ చిత్రించినవే కనుక, పేరు తెలియకపోయినా ఈ అద్దపు గోడలను చూసినవారు తెలుగునాట కూడా ఉండవచ్చు.

దీని ప్రసిద్ధి సౌందర్యం వల్ల వచ్చింది. కాని జిజ్ఞాసువు ఆలోచించవలసినది సౌందర్యం కంటె ముందున్న విషయం. ఈ గృహాలు కట్టడానికి కొండను ఏం చేశారు? దాదాపుగా ఏమీ చేయలేదు.

కొండమీద కట్టడం అంటే సాధారణంగా మొదటి కార్యం చదును చేయడం. వాలును తొలిచి గోడవలె నిలబెట్టడం, అడ్డమైన శిలను మందుగుండుతో పగులగొట్టడం, చెట్లను వేళ్లతో సహా పెకలించడం, ఆ మట్టిని పక్కనే ఉన్న లోయలోకి నెట్టడం. ఇదంతా జరిగిన తరువాతే శంకుస్థాపన అనే మాట వినబడుతుంది. అప్పటికి ఆ స్థలం స్థలంగా మిగలదు. ఏ ఊరిలోనైనా ఉండదగిన ఒక ఖాళీ చతురస్రం మాత్రమే మిగులుతుంది. ఇల్లు ఏ స్థలాన్ని కోరి వచ్చిందో, ఆ స్థలాన్ని తొలి దినమే నశింపజేసి తరువాత అందులో నివసిస్తుంది. శక్తివినియోగాన్ని తగ్గించడం ఒక్కటే ప్రకృతిరక్షణ కాదనీ, నేల యొక్క సహజరూపాన్ని కాపాడటం కూడా అందులో భాగమేననీ ఈ స్థపతుల వాదం.

వారు చేసినది ఇది. బండలో 40 మిల్లీమీటర్ల మందం గల ఉక్కుకడ్డీలను, అంటే చేతి బొటనవ్రేలి కంటె లావైన కడ్డీలను, రంధ్రాలు తొలిచి దిగవేశారు. ఆ కడ్డీల తలలపై కొయ్యగదిని నిలిపారు. గది క్రింద శిల అలాగే ఉంది, నాచు అలాగే ఉంది, వాననీరు పోయే దారి అలాగే ఉంది. రాయి ఎత్తుగా ఉన్నచోట కడ్డీ పొట్టిది, పల్లంగా ఉన్నచోట పొడవైనది. చెట్టు అడ్డువస్తే గది ఒదిగింది. అందుచేత 7 గదులలో ఏ రెండూ ఒక్క రూపంలో లేవు. వైవిధ్యం కోసం స్థపతి ఊహించి కల్పించిన భేదం కాదది. ఏ రెండు శిలలూ ఒకేవిధంగా ఉండవు కనుక వచ్చిన భేదం. రూపాన్ని నిర్ణయించే అధికారంలో సగాన్ని నిర్మాత నేలకు విడిచిపెట్టాడన్నమాట. ఆ విడిచిపెట్టడంలోనే ఈ నిర్మాణపు విశేషమంతా ఉంది.

వాస్తుశాస్త్రం చదివినవారికి ఇది వింతగా తోచదు. అథర్వవేదం 12వ కాండంలోని భూమిసూక్తంలో 63 మంత్రాలున్నాయి. వాటిలో ఒకచోట ఋషి భూమిని త్రవ్వబోతూ, త్రవ్విన చోటు త్వరగా పూడి మొలకెత్తాలనీ, తన పని భూమి మర్మస్థానానికీ హృదయానికీ తగలకూడదనీ ప్రార్థిస్తాడు. త్రవ్వనని అతడు ప్రతిజ్ఞ చేయడం లేదు. త్రవ్వక తప్పదు, కాని ఆ అవసరం అతనిని వినయవంతుణ్ణి చేస్తున్నది. వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తుపురుషుని దేహంపై మర్మస్థానాలను గుర్తించి, వాటిని పీడించరాదని చెప్పిన విధి కూడా ఈ భావానికి సంతతియే. ఆ గ్రంథంలోనే, ప్రతిమకై వృక్షాన్ని నరకడానికి ముందు, దానిని ఆశ్రయించి ఉన్న భూతాలకు బలి సమర్పించి, వేరొకచోట వాసం చేసికొనమని వేడుకొనే విధానం ఉంది. నేడు గృహనిర్మాణంలో వాస్తు అంటే ద్వారం ఏ దిక్కున, వంటగది ఏ మూలన అన్న ప్రశ్నలే మిగిలాయి. అవి అక్కరలేని ప్రశ్నలు కావు. కాని యజమానికి ఏ మేలు కలుగుతుందన్న విచారణ విస్తరించినంతగా, భూమికి ఏ పీడ కలుగుతుందన్న విచారణ క్షీణించింది.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. శ్రీమద్రామాయణంలో లక్ష్మణస్వామి పంచవటిలో నిర్మించిన పర్ణశాల వర్ణన వాల్మీకి మహర్షి సవిస్తరంగా చేశాడు. మట్టిగోడలు, మంచి స్తంభాలు, పొడవైన వెదురు దూలాలు, జమ్మికొమ్మల పరుపు, గట్టి కట్లు, దర్భలూ రెల్లూ ఆకులతో కప్పు. వాటితోపాటు నేల చదును చేయబడినదని కూడా చెప్పాడు! కాబట్టి చదును చేయడమే పాపమని ఎవరూ అనలేరు. పాదాలు నిలవడానికి, శయనించడానికి సమతలం కావాలి. కాని ఆ పర్ణశాల ఎంత స్థలాన్ని కోరింది, ఏ పదార్థంతో కట్టబడింది, విడిచిపెట్టిన తరువాత ఎన్ని వర్షఋతువులలో తిరిగి అరణ్యంగా మారగలదు అన్నవి చూడాలి. నిర్మాణం ముగియగానే లక్ష్మణుడు గోదావరిలో స్నానం చేసి, పద్మాలు తెచ్చి, పుష్పబలి సమర్పించి, శాంతి జరిపించి, ఆ తరువాతనే అన్నగారికి ఆశ్రమాన్ని చూపాడు. అంతకు ముందు స్థలనిర్ణయాన్ని కూడా తాను చేయక, అన్నగారినే చేయమని కోరాడు. నిర్మాణకౌశలం తనదే అయినా నిర్ణయాధికారం తనది కాదన్న ఆ వైఖరి ఏ స్థపతికైనా ఆదర్శం.

యూవె స్థపతులకు ఈ దృష్టి ఒక్క గృహంతో వచ్చినది కాదు. ఓస్లో నగరపు శివారులో 2002లో పూర్తయిన మోర్టెన్స్‌రూద్ చర్చి వీరి నిర్మాణమే. అక్కడ శిలను పేల్చక, ఆలయపు గచ్చు మధ్యలోనే బండరాళ్లు ద్వీపాలవలె పైకి లేచి ఉండేటట్లు వదిలారు. కొన్ని చెట్లను నరకక, వాటి చుట్టూ అద్దపు అంగణాలు కట్టారు. ఈ మాట వినగానే స్వయంభూక్షేత్రాలలో అర్చన చేసేవారికి తమ గర్భాలయం గుర్తుకు రావడం సహజం. యాదగిరిగుట్టలో నరసింహస్వామి గుహలోని శిలయందే వెలసి ఉన్నాడు. అట్టి క్షేత్రాలలో మూర్తిని ఆలయానికి తగినట్లు కదల్చరు. ఆలయమే మూర్తి ఉన్నచోటికి వచ్చి, దాని ఎత్తుపల్లాలకు తలవంచి నిలుస్తుంది. గర్భగృహం ఇరుకైనా, అర్చకుడు వంగి నడవవలసి వచ్చినా, శిలను చెక్కి సౌకర్యం కల్పించుకోవాలన్న ఆలోచన ఎవరికీ కలుగదు. ఆ మర్యాదను గర్భగృహపు గడప దాటించి, కొండ అంతటికీ వర్తింపజేస్తే ఏమవుతుందో యూవె ఒక చిన్న పరిమాణంలో చూపుతున్నది.

ఈ స్థపతికి భారతదేశంతో సంబంధం కూడా ఉంది. యాన్ ఓలాఫ్ యెన్సెన్ యౌవనంలో తన సహచరుడు పేర్ క్రిస్టియన్ బ్రూనిల్డ్‌సెన్‌తో కలిసి, మహారాష్ట్రలోని చోప్డా తాలూకా లాసూర్‌లో కుష్ఠురోగుల కొరకు ఒక వైద్యశాలను రూపొందించాడు. 1985లో పూర్తయిన ఆ కట్టడానికి 1998లో ఆగాఖాన్ వాస్తుపురస్కారం లభించింది. స్థానికమైన రాయి, లోపల అంగణం, అల్పవ్యయం దాని లక్షణాలు. అంటే ఈ అల్పత్వం ధనికుల విహారస్థలంలో పుట్టిన అలంకారం కాదు. సమాజం వెలివేసిన రోగులకు ఉన్నంతలో గౌరవప్రదమైన నివాసం కల్పించే ప్రయత్నంలో అలవడిన క్రమశిక్షణ.

ఇక గది లోపలికి వెళ్లాలి, ఎందుకంటే తత్త్వవిచారణ చేసేవారికి ఆసక్తికరమైన విషయం అక్కడ ఉంది. ప్రతి గదికీ ఒక గోడో రెండు గోడలో పూర్తిగా అద్దం. తక్కిన గోడలు, కప్పు, నేల కొయ్యవి. ఆ కొయ్యకు నల్లని వర్ణద్రవ్యం కలిపిన పారదర్శకమైన తైలాన్ని పూశారు. చిత్రపటాలు లేవు, కంటిని ఆకర్షించే రంగులు లేవు. మొదట చూసినవారికి ఇది దిగులు పుట్టించే చీకటిగా తోచవచ్చు. కాని దాని ప్రయోజనం వేరు. అద్దానికి రెండు స్వభావాలున్నాయి: వెలుగును దాటనిస్తుంది, కొంత వెనుకకు త్రిప్పుతుంది. లోపలి గోడలు తెల్లగా మెరుస్తూ ఉంటే ఆ మెరుపు అద్దంపై పడి, కొండకూ కంటికీ మధ్య గది యొక్క ప్రతిబింబం తేలుతుంది. మంచం, దీపం, చూసేవాని ముఖం కొండపై అతికించినట్లు కనబడతాయి. ఆ ప్రతిబింబాన్ని తగ్గించడానికే గదిని చీకటిచేశారు. 62 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో వేసవి సాయంకాలం గంటల తరబడి సాగుతుంది. అస్తమయం తరువాత కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు. (అట్టి దేశంలో సాయంసంధ్యను ఎప్పుడు ఉపాసించాలన్నది విదేశవాసులైన ఉపాసకులు తరచుగా అడిగే ప్రశ్న, అది వేరొక వ్యాసానికి తగిన విషయం.) ఆ దీర్ఘమైన మసకవెలుతురులో లోపల ఒక్క దీపం వెలిగించినా చాలు, అద్దం దర్పణమైపోతుంది. చూసేవానికి తాను తప్ప మరేమీ కనబడదు. దీపం ఆర్పగానే తాను మాయమై, నది, చెట్లు, కొండ మళ్లీ వస్తాయి.

వేదాంతాధ్యయనం చేసినవారు ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. దృగ్దృశ్యవివేకమనే ప్రకరణగ్రంథం చూడబడేదానిని, చూసేదానిని వేరుచేస్తూ, రూపం నుండి కంటికి, కంటి నుండి మనస్సుకు, మనస్సు నుండి సాక్షికి బుద్ధిని తీసుకొనిపోతుంది. యూవె గది ఆ మార్గంలో మొదటి మెట్టుకు ముందున్న ఒక చిన్న పని చేస్తుంది. చూసేవాడు దృశ్యంపై తన ఆకారాన్ని ఆరోపించకుండా ఆపుతుంది. నిత్యజీవితంలో మనిషి దేనిని చూసినా, దానిపై తన రాగద్వేషాల ప్రతిబింబాన్నే అధికంగా చూస్తాడు. కొండను చూసి 'ఇక్కడ ఒక స్థలం కొనుక్కుంటే' అనుకోవడం లోపలి దీపం ఆర్పనివాని చూపు.

కాని ఉపమానాన్ని దాని హద్దు దాటించరాదు. నల్లని తైలం ముఖప్రతిబింబాన్ని ఆపుతుందే కాని, అహంకారాన్ని కాదు. అద్దం ముందు కూర్చున్నవాని చూపు బయటికే ప్రసరిస్తుంది. కఠోపనిషత్తు చెప్పిన ఆవృత్తచక్షువు, అంటే చూపును లోనికి మరల్చుకున్న ధీరుడు, తయారుకావడానికి ఏ స్థపతీ సాయపడలేడు. ఈ గదిలో ఒక వారం ఉండి వచ్చినవారు తమకు ధ్యానస్థితి కలిగిందని చెప్పవచ్చు. నిశ్శబ్దం కలిగింది అంటే సరిపోతుంది. నిశ్శబ్దం గొప్పదే, దానికి మరొక పేరు పెట్టనక్కరలేదు.

గదుల అమరికలో మరొక సూక్ష్మం ఉంది. ఏ గది అద్దమూ మరొక గదివైపు తిరిగి లేదు. ఒక్కొక్కటి తనదైన ఒక దృశ్యఖండాన్ని మాత్రమే చూస్తుంది: ఒకటి నదిని, ఒకటి రాళ్లను, ఒకటి ఎదుటి కొండను. అందుచేత తెరలు వేయకపోయినా ఏకాంతానికి భంగం లేదు. ఏకాంతమంటే గోడలు పెంచుకోవడమని లోకం అనుకుంటుంది. ఇక్కడ అది ముఖం తిప్పుకొనే దిశను బట్టి లభించింది. భోజనానికి మాత్రం అందరూ పాత వ్యవసాయక్షేత్రపు కొట్టాన్ని మార్చి చేసిన శాలలో కలుసుకుంటారు. పగలు వేర్వేరుగా, అన్నం కలిసి. సత్రధర్మం కూడా ఇట్టిదే. ఇదే స్థపతులు తౌత్రా అనే ద్వీపంలో 18 మంది క్రైస్తవ సన్యాసినుల కొరకు 2006లో నిర్మించిన మఠంలో, భోజనశాలలో అందరూ ఒకే వరుసలో కూర్చుని అద్దం గుండా సముద్రాన్ని చూస్తూ మౌనంగా భుజించే ఏర్పాటు చేశారు.

ఇంత ప్రశంస తరువాత అడగవలసిన ప్రశ్నను తప్పించుకోరాదు. ఇది వైరాగ్యమా, భోగమా?

నిస్సందేహంగా భోగమే. ఇక్కడ ఒక రాత్రి గడపడానికి సామాన్యుడు ఇవ్వగల మూల్యం చాలదు. నది ఒడ్డున ఉష్ణస్నానశాల ఉంది. గదిలో వస్తువులు తక్కువ. కాని ఆ తక్కువను కొనుక్కోవడానికి చాలా ధనం కావాలి. సన్యాసి వద్ద వస్తువులు లేకపోవడం త్యాగం. యాత్రికుని గదిలో అవి లేకపోవడం అభిరుచి. ఇంటివద్ద నిండిన బీరువాలను అలాగే ఉంచి, రెండు రాత్రులు ఖాళీగదిలో నిద్రించినవాడు అపరిగ్రహవ్రతం పాటించినట్లు కాదు. అద్దం గుండా చూసే కొండ చలిని పంపదు, తడిని పంపదు, కాళ్లకు ముల్లు గుచ్చదు. తొలి గదులు వేసవి నివాసానికే ఉద్దేశించినవి కనుక గోడలలో ఉష్ణరక్షణ పొర 50 మిల్లీమీటర్లే. ఆ మాత్రం కాఠిన్యం తప్ప తక్కినదంతా సుఖమే. ఆ కడ్డీల ఉక్కు, ఆ విశాలమైన అద్దం ఏదో ఒక కొలిమిలో అగ్నిని తిని పుట్టినవే. విమానమెక్కి వచ్చే అతిథి మార్గంలో ఆకాశానికి చేసే హాని లెక్క కూడా విడిగా ఉంది.

దీనికి ప్రక్కనే నిలబెట్టి చూడవలసిన విశేషం ఆ దేశపు ధర్మంలోనే ఉంది. నార్వేలో సాగుచేయని భూమిపై, యజమాని ఎవరైనా సరే, ప్రతి మనిషికీ నడిచే హక్కు ఉంది. తరతరాల ఆచారమైన ఈ హక్కును 1957లో చట్టంగా వ్రాసుకున్నారు. నివాసగృహానికి 150 మీటర్ల దూరం పాటించి ఎవరైనా గుడారం వేసుకోవచ్చు. సాధారణంగా ఒకే చోట రెండు దినాలకు మించి ఉండాలంటే మాత్రం యజమాని అనుమతి కావాలి. పరివ్రాజకుడు ఊరిలో ఒక్క రాత్రికి మించి నిలవరాదన్న యతిధర్మం తెలిసినవారికి ఆ రెండు దినాల హద్దు చూసి ముచ్చట కలుగుతుంది. కాబట్టి యూవెలో ధనవంతుడు అద్దం వెనుక నుండి చూసే కొండనే, ఒక విద్యార్థి పైకం ఇవ్వకుండా, గాలిలో కూర్చుని చూడగలడు. వారిలో ఎవరికి ఎక్కువ కనబడుతుందో చెప్పడం కష్టం కాదు.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది, ఈ విచారణకంతటికీ అదే కారణం. అతిథి భోగియా విరాగియా అన్నది అతిథి ఆత్మకు సంబంధించిన విషయం. శిలకు అది సంబంధం లేదు. శిల తనను పగులగొట్టారా లేదా అన్నదే ఎరుగును. భోగికోసం కట్టిన ఈ గృహం కొండను కొండగా వదిలిపెట్టింది. మరి భక్తునికోసం కట్టిన గృహాలు?

ఉత్తరాఖండంలోని జోషీమఠ్ ఆదిశంకరుల జ్యోతిర్మఠం వెలసిన పట్టణం. బదరీనాథ యాత్రకు ద్వారం. ఆ పట్టణం దృఢమైన శిలపై లేదు. పూర్వం ఎప్పుడో విరిగిపడిన కొండచరియల మట్టి, రాళ్ల కుప్పపై ఉంది. 1976లో ప్రభుత్వం నియమించిన మిశ్రా సంఘం ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పి, అక్కడ భారీనిర్మాణాలను నియంత్రించాలనీ, త్రవ్వి గాని పేల్చి గాని బండలను తొలగించరాదనీ, చెట్లు నరకరాదనీ, మురుగునీరు నేలలో ఇంకిపోకుండా కాలువలు కట్టాలనీ సూచించింది. వల్‌డాల్‌లో ఇద్దరు స్థపతులు స్వేచ్ఛగా స్వీకరించిన నియమాలు ఇవే కదా! తేడా ఏమిటంటే అక్కడ అవి సౌందర్యం కోసం, ఇక్కడ ప్రాణం కోసం. ఆ తరువాతి దశాబ్దాలలో యాత్రికులు పెరిగారు, వారికోసం అంతస్తులపై అంతస్తులు లేచాయి. 2013 జూన్‌లో కేదారనాథ్‌పై విరుచుకుపడిన వరదలో, యాత్రామార్గంలోని రాంబాడా అనే మజిలీ నామరూపాలు లేకుండా కొట్టుకుపోయింది. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి, 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి. సమీపంలోని జలవిద్యుత్ సొరంగానికి ఇందులో భాగం ఎంత అన్నది నిపుణుల మధ్య వివాదం. బరువు, నీరు, త్రవ్వకం అన్న మూడింటిపై మాత్రం 1976 నివేదిక ముందే వేలు చూపింది.

యాత్రికుని మీద నింద వేయడం సులభం, అది పూర్తిగా న్యాయం కాదు. వృద్ధురాలైన తల్లిని తీసుకొని పదహారువందల మైళ్లు దాటి వచ్చిన కుటుంబం వేడినీళ్లు, గదికి చేర్చిన స్నానశాల, వాహనం వాకిటికి రాగల దారి కోరితే తప్పనలేము. 7 గదుల నమూనా లక్షలాది యాత్రికులకు చాలదు. కడ్డీలపై నిలిచిన అద్దపు గదులను బదరీమార్గంలో వరుసగా కట్టమనడం హాస్యాస్పదం. ఐనా సంఖ్య అన్నింటికీ సమాధానం కాదు. మోటారు మార్గాలు రాకముందు హిమాలయ యాత్రాపథంలో కొద్ది మైళ్లకొకటి చొప్పున చట్టీలుండేవి. రాళ్లు, కొయ్య, గడ్డికప్పు. అంగడివాడు తన వద్ద పిండి, పప్పు, నెయ్యి కొన్నవారికి తలదాచుకొనే చోటును, వంటపాత్రలను ఊరకే ఇచ్చేవాడు. వాటిలో శుభ్రత లేక విషూచి ప్రబలిన కాలాలూ ఉన్నాయి. వాటిని స్వర్ణయుగంగా భావించనక్కరలేదు. కాని ఆ యాత్రికుడు కొండను ఎంత అడిగాడో, నేటి యాత్రికుడు ఎంత అడుగుతున్నాడో తూచి చూసుకోవడానికి చట్టీ ఒక కొలత. తీర్థయాత్రలో శాస్త్రం విధించిన నియమాలలో భూశయనం, మితాహారం ఉన్నాయి. అవి యాత్రికుని దేహాన్ని శిక్షించడానికే పెట్టినవని ఇంతకాలం వ్యాఖ్యానిస్తూ వచ్చారు. క్షేత్రం మోయగలిగినంత బరువే దానిపై పెట్టాలన్న లెక్క కూడా వాటిలో ఉన్నదేమో ధర్మశాస్త్ర పండితులు విచారించాలి.

యూవె గదులను ఎప్పుడైనా అక్కరలేదనుకుంటే, కొయ్యను విప్పి, అద్దాలు దించి, కడ్డీలను కోసి తీసివేయవచ్చు. బండమీద బొటనవ్రేలు పట్టే రంధ్రాలు కొన్ని మిగులుతాయి. వాటిలో వాననీరు, తరువాత నాచు చేరతాయి.

జోషీమఠ్‌లో నేల కుంగిన ఆ జనవరిలోనే, రెండు బహుళాంతస్తుల యాత్రికవసతి భవనాలు పునాదులు జారి ఒకదానివైపు ఒకటి ఒరిగాయి. క్రింది ఇళ్లపై కూలకముందే వాటిని తొలగించాలని అధికారులు నిశ్చయించారు. మందుగుండు పెట్టి క్షణాలలో పడగొట్టే పద్ధతిని అక్కడ వాడటానికి వీలులేకపోయింది. ఆ కొండ అంత అదురును ఇక ఓర్వలేదు. మంచు పడుతున్న దినాలలో కూలీలు పైకప్పు నుండి మొదలుపెట్టి, సుత్తులతోనూ చిన్న యంత్రాలతోనూ, ఒక్కొక్క అంతస్తునే మెల్లమెల్లగా, కొండకు తెలియనీయకుండా విప్పుకుంటూ దిగారు.